ఏ పూట తీసిన ఫోటో ఇది? ఉపగ్రహ కూర్పు చిత్రాన్ని తయారుచేసే, తూకం వేసే పద్ధతి

కిందటి చలికాలంలో పర్లాకిమిడిలో కొందరు మిత్రులం కలిసి, గోడకు పాతిక ఫోటోలు తగిలించి చిన్న ప్రదర్శన పెట్టాము. నేను ఇచ్చినది ఒక్కటే. గుణుపురం వైపు వంశధార లోయ నుంచి మహేంద్రగిరి కొండల దాకా ఉన్న నేలను పైనుంచి చూపే ఉపగ్రహ చిత్రం అది. వెతికినా ఒక్క మబ్బుతునక కనబడదు. చాలా ఏళ్లు ఫోటో స్టూడియో నడిపిన పెద్దాయన ఒకరు దాని ముందు నిలబడి, కళ్లజోడు సర్దుకొని, ఒక మూల నుంచి ఇంకో మూలకు తీరిగ్గా చూసి, "ఇది ఏ పూట తీసినారు బాబూ?" అని అడిగారు. మూడు నెలల వ్యవధిలో ఉపగ్రహం పద్దెనిమిది సార్లు చూసిన దృశ్యాలలోంచి ఏరి అతికిన బొమ్మ అది. "ఏ పూటా తీసింది కాదు బాబాయి గారూ, కూర్చింది" అన్నాను. "అయితే ఫోటోల వరసలో ఎందుకు పెట్టినారు?" అన్నారాయన.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను ఆ బొమ్మను మళ్లీ మొదటి నుంచి తయారుచేశాను. ఆ పని ఎలా చేయాలో, చేసిన తరువాత దాన్ని ఛాయాచిత్రాల సరసన నిలబెట్టవచ్చునో లేదో ఎలా తేల్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను. ఎన్ని ముక్కలు అతికారన్నది నా దృష్టిలో అసలు లెక్క కాదు. అతికేటప్పుడు కాలాన్ని ఏం చేశారన్నదే లెక్క.

ఉపగ్రహం చీపురు పట్టి ఊడుస్తుంది

ముందుగా ఒక అపోహను వదులుకోవాలి. ఒక్కసారి తీసినది అసలు ఫోటో, అతికినది నకిలీ అన్న విభజన ఉపగ్రహాల దగ్గర నిలవదు, ఎందుకంటే అక్కడ షట్టర్ టక్కుమని పడే క్షణమే లేదు. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు 786 కిలోమీటర్ల ఎత్తున, పగటి పూట ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతూ, 290 కిలోమీటర్ల వెడల్పు నేలను వాకిలి ఊడ్చినట్లు వరుస వెంట వరుసగా చదువుకుంటూ పోతాయి. వాటిలో మొత్తం 13 బ్యాండ్లు, అంటే ఒక్కో రకం కాంతిని విడిగా పట్టే అరలు, ఉన్నాయి. మన కంటికి కనబడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం వాటిలో మూడు మాత్రమే, పైగా ఆ మూడూ ఒకే చోటును సరిగ్గా ఒకే క్షణంలో చూడవు. ఒకదాని వెనుక ఒకటి, కొద్ది తేడాతో చూస్తాయి. కదలని కొండకు ఈ తేడా పట్టదు. ఎగిరే విమానానికి పడుతుంది. తెల్లటి విమానం ఒకటి దృశ్యంలో చిక్కుకుంటే అది నీలం, ఆకుపచ్చ, ఎరుపు పిట్టలు మూడు వరుస కట్టి ఎగురుతున్నట్లు కనబడుతుంది. ఒకసారి చూసినవారు దాన్ని మరిచిపోరు.

ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలో రష్యాకు చెందిన ప్రొకూదిన్-గోర్‌స్కీ చేసినదీ ఇదే. మూడు రంగుల గాజు ఫిల్టర్లు మార్చుతూ ఒకే దృశ్యాన్ని మూడుసార్లు తీసి, తరువాత కలిపి రంగుల ఫోటో చూపించాడు. ఆ మధ్యలో నీరు పారినా, మనిషి కదిలినా అంచుల వెంట రంగులు విడిపోయాయి. అయినా ఆయన ఫోటోగ్రాఫరు కాదని ఎవరూ అనలేదు. అంతకు ముందే, 1850లలో, ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రానికి ఒక నెగెటివ్, ఆకాశానికి ఇంకొక నెగెటివ్ వాడి ఒకే ప్రింటు తీశాడు. అంత దూరం పోనక్కరలేదు. గతించిన తండ్రిగారి పాత ఫోటోను కత్తిరించి, అమ్మ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి మళ్లీ ఫోటో తీసి ఇవ్వడం మన స్టూడియోలలో ఎప్పటి నుంచో ఉన్న పని; ఆ పెద్దాయన స్వయంగా అలాంటివి ఎన్నో చేసి ఉంటారు. కనుక ఆయన అభ్యంతరం అతుకు మీద కాదు, "ఏ పూట" అన్న దాని మీద.

భూగోళం బొమ్మలు నాలుగు

చేతితో పని మొదలుపెట్టే ముందు, భూమి మొత్తాన్ని చూపే నాలుగు ప్రసిద్ధ చిత్రాలను పక్కపక్కన పెట్టుకొని చూడటం మంచిది.

మొదటిది 1972 డిసెంబరు 7న అపోలో 17 యాత్రికులు చంద్రుని వైపు పోతూ, సుమారు 29,000 కిలోమీటర్ల దూరం నుంచి హాసెల్‌బ్లాడ్ కెమెరాతో ఫిల్ము మీద తీసిన ఫోటో. ఆఫ్రికా, అరేబియా, అంటార్కిటికా అందులో స్పష్టంగా ఉన్నాయి. పై భాగాన కుడి అంచున, హిందూ మహాసముద్రం మీద, సుడి తిరిగిన మబ్బు ఒకటి ఉంది. అంతకు రెండు రోజుల క్రితమే తమిళనాడును ముంచెత్తిన తుపాను అది. ప్రపంచమంతా పోస్టర్లుగా అంటించుకున్న ఆ బొమ్మలో మన బంగాళాఖాతం వారి ఒక చెడ్డ వారం అలాగే నిలిచిపోయింది.

రెండవది 2002లో నాసా విడుదల చేసినది. టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ పరికరం 2001లో నెలల తరబడి చూసిన నేలను మబ్బులు తీసివేసి అతికారు. మబ్బులను వేరే పొరగా, రెండు రోజుల దృశ్యాల నుంచి, ధ్రువాల మీద మూడవ రోజు ఉష్ణ పరారుణ (వేడిని పట్టే) దృశ్యాల నుంచి తెచ్చి పైన పరిచారు. అందులోని నేలకు, దాని మీది మబ్బుకు ఏనాడూ ముఖపరిచయం లేదు. మూడవది 2012 జనవరి 4 నాటి సుయోమి ఎన్‌పీపీ చిత్రం. ఆ ఉపగ్రహం తిరిగేది 824 కిలోమీటర్ల ఎత్తున మాత్రమే, కాబట్టి గోళం మొత్తం దానికి ఒక్క చూపులో కనబడదు. ఒకే రోజు పట్టీలను అతికి, ఎంతో దూరం నుంచి చూసినట్లు గోళంగా చుట్టారు. నాల్గవది 2015 జులై 6న డిస్కవర్ ఉపగ్రహంలోని ఎపిక్ కెమెరా 16 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి చూసిన భూమి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు విడివిడి ఎక్స్‌పోజర్లు కలిపితే వచ్చినదే అయినా, గోళమంతా ఒకే చూపులో ఉంది.

ఈ నాలుగింటిలో మొదటిదీ నాల్గవదీ ఫోటోలు అనడానికి నాకు సందేహం లేదు. మూడవదానికి ఒక రోజు ఉంది గనుక ఒప్పుకుంటాను, కొంచెం సణుగుతూ. రెండవది అద్భుతమైన పని; చేసినవారి ఓపికకు చేతులెత్తి మొక్కాలి. కాని అది పటాల గదిలో ఉండవలసినది, ఫోటోల గదిలో కాదు. ఇదే కొలతను మన ఊరి బొమ్మకు వాడుకుందాము.

ఎంత నేల, ఎన్ని రోజులు

కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో ఉచితంగా ఖాతా తెరిచి సెంటినెల్-2 దృశ్యాలు దింపుకోవచ్చు. దృశ్యాలు దింపకుండానే కూర్పు చేయాలంటే, వ్యాపారేతర పనులకు ఉచితంగా దొరికే గూగుల్ ఎర్త్ ఇంజిన్ అనువైనది. ఇస్రో వారి భువన్‌లో రిసోర్స్‌శాట్ దృశ్యాలు ఉన్నాయి గాని లిస్-3 కెమెరాకు పిక్సెల్ 23.5 మీటర్లు; గోడకు తగిలించే ప్రింటుకు సెంటినెల్ 10 మీటర్లే మేలు.

పది మీటర్లంటే ఎంతో ముందే మనసులో పెట్టుకోవాలి. ఒక పిక్సెల్ నూరు చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో దాదాపు రెండున్నర సెంట్ల స్థలం. ఇల్లు కనబడదు, వీధి గీతలాగా లీలగా తెలుస్తుంది, చెరువు బాగా తెలుస్తుంది. గుణుపురం నుంచి మహేంద్రగిరి దాకా తూర్పు పడమరలుగా 60 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 40 కిలోమీటర్లు తీసుకుంటే బొమ్మ 6,000 అడ్డం, 4,000 నిలువు పిక్సెళ్లు అవుతుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన 20 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పైచిలుకు ఎత్తు ప్రింటు వస్తుంది. ఇంతకంటే పెద్దది చేయాలని సరదా పడితే దగ్గరగా వచ్చి చూసేవారికి గళ్లు కనబడతాయి.

కాలం ఎంచుకోవడంలోనే నేను మొదటిసారి బోల్తా పడ్డాను. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడ మబ్బు విడవదు గనుక నవంబరు, డిసెంబరు, జనవరి మూడు నెలలూ తీసుకున్నాను. కాని ఆ మూడు నెలలలో వంశధార లోయ మూడు వేషాలు మారుస్తుంది. నవంబరులో వరి పండి పసుపు తిరుగుతుంది. డిసెంబరులో కోత, కుప్ప. జనవరిలో మోడు మిగిలిన మడి, అక్కడక్కడ నీటి వసతి ఉన్నచోట రెండో పంట. ఈ మూడింటినీ కలిపితే వచ్చే రంగు ఏ నెలదీ కాదు. దానికి తోడు నేను పచ్చదనం కాస్త ఎక్కువగా దట్టించాను. "మా చేలు జనవరిలో ఇంత పచ్చగా ఎన్నడున్నాయి?" అని కాశీనగరం నుంచి వచ్చిన రైతు ఒకాయన నవ్వేశారు. ముప్పై రోజులకు మించి కలపవద్దని నా సలహా. రెండు ఉపగ్రహాలు కలిసి ఐదు రోజులకొకసారి వస్తాయి గనుక ముప్పై రోజులలో ఆరు దృశ్యాలు దొరుకుతాయి. డిసెంబరులో ఆకాశం సాధారణంగా తేటగా ఉంటుంది గనుక ఆ ఆరూ చాలు.

అతుకులో చూడవలసిన చిక్కులు

మన ప్రాంతంలో ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. ఉపగ్రహ దృశ్యాలను యూటీఎం మండలాల ప్రకారం, అంటే పటాల కోసం భూమిని విభజించిన నిలువు పట్టీల ప్రకారం, ముక్కలు చేసి ఇస్తారు. 44వ మండలం 84 డిగ్రీల తూర్పు రేఖాంశంతో ముగిసి, 45వది అక్కడ మొదలవుతుంది. ఆ రేఖ పర్లాకిమిడికి పడమటగా కొద్ది కిలోమీటర్లలోనే పోతుంది. అందువల్ల గుణుపురం, కాశీనగరం ఒక మండలంలో, పర్లాకిమిడి, మహేంద్రగిరి ఇంకొక మండలంలో పడతాయి. ఒకసారి రాష్ట్రాల మధ్య సర్కారు గీత, ఇంకొకసారి పటం గీత. మన వారికి గీతల మధ్య బతకడం అలవాటే. రెండు మండలాల ముక్కలను పటాల సాఫ్ట్‌వేర్ అయిన క్యూజీఐఎస్‌లో ఒకే మండలానికి, 45కు, మార్చుకున్న తరువాతే అతకాలి. మార్చకుండా పక్కపక్కన పెడితే ముక్కలు ఒకదాని పక్కన ఒకటి నిటారుగా కూర్చోవు.

ఇంకొక జాగ్రత్త పాత దృశ్యాలు కలిపేవారికి. సెంటినెల్-2 దత్తాంశంలో 2022 జనవరి 25 నుంచి ప్రతి విలువకు 1,000 కలిపి ఇస్తున్నారు. అంతకు ముందు నాటి దృశ్యాన్ని, తరువాతి దృశ్యాన్ని ఆ తేడా తీసివేయకుండా కలిపితే ఒక సగం వెలిసినట్లు కనబడుతుంది. ఎర్త్ ఇంజిన్‌లో 'హార్మొనైజ్డ్' అని ఉన్న సంపుటి తీసుకుంటే ఈ బాధ ఉండదు.

మబ్బులు తీయడానికి ప్రతి దృశ్యంతోనూ వర్గీకరణ పొర ఒకటి వస్తుంది. మబ్బు, పలుచని మబ్బు, మబ్బు నీడ అని అది పిక్సెళ్లకు పేర్లు పెడుతుంది. దాన్ని కళ్లు మూసుకొని నమ్మకూడదు. వంశధార ఇసుక మేటలు ఎండకు తళతళలాడుతుంటే ఈ పొర వాటిని మబ్బు అనుకొని కొట్టివేయవచ్చు; రేకుల కప్పులదీ అదే గతి. మబ్బు పిక్సెళ్లను ఇలా ముసుగు వేసి తీసివేసిన తరువాత నది పొడవునా ఒకసారి వెళ్లి, చిల్లులు పడ్డాయేమో చూసుకోవాలి.

ఇక అసలు కలిపే పద్ధతి. ఎక్కువమంది వాడేది మధ్యగతం: ఒక పిక్సెల్‌కు వేర్వేరు రోజుల విలువలను చిన్న నుంచి పెద్దకు పేర్చి నడిమిది తీసుకోవడం. మబ్బు మరీ తెలుపు, నీడ మరీ నలుపు. రెండూ చివరలకు పోయి రాలిపోతాయి. కాని ఈ లెక్క ఎరుపుకు వేరుగా, ఆకుపచ్చకు వేరుగా, నీలానికి వేరుగా జరుగుతుందని చాలామంది గమనించరు. ఒక మడికి ఎరుపు డిసెంబరు 3 నుంచి, ఆకుపచ్చ 18 నుంచి, నీలం 28 నుంచి రావచ్చు. అంటే ఆ మడి మీద కనబడే రంగు ఏ రోజునా ఎవరి కంటా పడలేదు. దీనికి మందు ఉంది. మూడు రంగులనూ కలిపి చూసి, నడిమికి అన్నింటికంటే దగ్గరగా ఉన్న ఒక రోజును మొత్తంగా ఎంచుకునే పద్ధతిని మెడాయిడ్ అంటారు. అది వాడితే పిక్సెల్‌కు పిక్సెల్ రోజు మారినా, ప్రతి పిక్సెల్ ఏదో ఒక నిజమైన రోజుది అవుతుంది. ఏ పిక్సెల్ ఏ రోజుదో చూపే పొరను కూడా పక్కన దాచుకోవచ్చు. ఫోటో అనే మాట వాడాలనుకునేవారు ఇది తప్ప వేరే పద్ధతి వాడవద్దని గట్టిగా చెబుతాను.

రంగులు సర్దేటప్పుడు, పైన చెప్పిన 1,000 తీసివేశాక, 0 నుంచి 3,000 దాకా ఉన్న విలువలను తెర మీద నలుపు నుంచి తెలుపు దాకా సాగదీసి, మూడు రంగులకూ ఒకే కొలత వాడి, అక్కడితో ఆపడం మేలు.

కొండ గుంటగా కనబడితే

నా మొదటి ప్రింటులో మహేంద్రగిరి గొయ్యిలాగా ఉందని ఇద్దరు ముగ్గురు అన్నారు. 1,501 మీటర్ల కొండ గొయ్యి కావడానికి కారణం ఉంది. ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో వస్తుంది. చలికాలంలో అప్పుడు సూర్యుడు ఆగ్నేయాన ఉంటాడు, నీడలు వాయవ్యానికి పడతాయి. ఉత్తరం పైన పెట్టి చూస్తే వెలుగు కింది కుడి మూల నుంచి వస్తున్నట్లు అవుతుంది. మన కన్నేమో వెలుగు పైనుంచే వస్తుందనుకుంటుంది, కాబట్టి శిఖరం లోయగా, లోయ శిఖరంగా తిరగబడతాయి.

ప్రింటును తలకిందులు చేసి, దక్షిణం పైన పెట్టి తగిలించండి. కొండలు ఒక్కసారిగా లేచి నిలబడతాయి. అపోలో 17 ఫోటో కూడా మొదట దక్షిణం పైన ఉండేలాగే తీశారు, ప్రచురించేటప్పుడు తిప్పారు. పటానికైతే ఉత్తరం పైన ఉండాలన్న పట్టుదల సబబే. ఫోటోకు వెలుగు ముఖ్యం.

తూకం వేయడం

ప్రింటు ఎదురుగా పెట్టుకొని, ఇందులోంచి ఏవి రాలిపోయాయి అని వెతకాలి. మధ్యగతం కూర్పులో చిలికా మీది పడవలు ఉండవు. గోపాల్‌పూర్ తీరాన తెల్లటి నురుగు గీత చెదిరి, మసకపట్టీ అవుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో కొండల మీద పోడు కాల్చినప్పుడు లేచే పొగ తీగలు ఉండవు. వంశధారలో నీరు నిండుగానూ ఉండదు, ఎండినట్లూ ఉండదు. నడిమి నీరు ఉంటుంది.

మన ప్రాంతంలో దీనికి గట్టి ఉదాహరణ తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి, గజపతి జిల్లాలో వరద వచ్చింది, కొండ విరిగిపడింది. ఆ సంవత్సరం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దృశ్యాలు తీసుకొని మధ్యగతం కూర్పు చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. వరద నీరు నిలిచినది కొద్ది రోజులు, మిగతా రోజులన్నీ నీరు తీసిన నేల. నడిమి విలువలో వరద ఉండదు. లెక్క దాన్ని మబ్బుతో పాటే చెత్తగా ఊడ్చి పారవేస్తుంది. పడిపోయిన తోట మాత్రం లేచి నిలబడదు గనుక మిగులుతుంది. అంటే కూర్పు చిత్రం దెబ్బను చూపగలదు, కొట్టిన చేతిని చూపలేదు. కెమెరా పట్టుకున్న మనిషి ఆనాడు పరుగెత్తి పోయేది దేనికోసమో, దాన్నే ఈ పద్ధతి పొరపాటు విలువ అంటుంది.

అందుకే మబ్బు లేకపోవడాన్ని గొప్పగా లెక్కించే అలవాటును నేను మానుకున్నాను. సగం మబ్బు కమ్మిన ఒక్కరోజు దృశ్యంలో, మబ్బు సందున ఎర్రటి వరద నీరు సముద్రంలోకి విసనకర్రలాగా విచ్చుకోవడం కనబడితే, అది గొప్ప ఛాయాచిత్రం కాగలదు. తీసినది యంత్రమే గాని, వేల దృశ్యాలలోంచి ఆ రోజును, ఆ చట్రాన్ని పట్టుకున్నది మనిషి కన్ను. కూర్పు చిత్రానికి ఆ స్థాయి దక్కాలంటే దానికీ ఒక కాలం ఉండాలి. కోత నెల కూర్పు కోత నెలను చూపాలి, రంగు ఆ నెలది కావాలి, చూసిన రైతు తన మడిని గుర్తుపట్టాలి. అలాంటివి అరుదు, ఉన్నప్పుడు వాటిని ఫోటోల వరసలో పెట్టడానికి నేను వెనుకాడను. అందానికి మాత్రమే నెలలన్నీ కలిపి రుబ్బినవి అందంగానే ఉంటాయి, మంచి క్యాలెండరు బొమ్మలు అవుతాయి.

బొమ్మ కింద చీటీ

ఏది తగిలించినా కింద చీటీ పెట్టకుండా తగిలించకూడదు. అందులో ఎన్ని దృశ్యాలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ పద్ధతిలో కలిపినది, రంగులు కంటికి కనబడేవా కావా, పై అంచు ఏ దిక్కు అన్నవి ఉండాలి. సెంటినెల్ దత్తాంశం వాడినప్పుడు దానిని మార్చి వాడామన్న ఎరుక, సంవత్సరంతో సహా, రాయడం వారి షరతు కూడా.

మొన్నటి ప్రింటుకు రెండు వెర్షన్లు చేశాను. ఒకటి డిసెంబరు నెల మెడాయిడ్ కూర్పు, ఇంకొకటి అదే నెలలో ఒక్క ఉదయం నాటిది. రెండవదానిలో మహేంద్రగిరి భుజం మీద చిన్న మబ్బు, లోయలో ఇంకా విడవని మంచు ఉన్నాయి. రెండూ దక్షిణం పైన పెట్టి ఒకే ఎత్తున తగిలించాను. ఫోటోల చీటీలలో మామూలుగా 'తీసినవారు' అని ఉండేచోట, రెండవదానికి 'తీసినది: సెంటినెల్-2, ఎంచినది: నేను' అని, మొదటిదానికి 'కూర్చినది: నేను' అని రాశాను. పెద్దాయన ఈసారి ఒక్క ఉదయం నాటి ప్రింటు దగ్గర ఆగి, చీటీ మీది తేదీ చదివి, ఆ మంచు ఎన్ని గంటలకు విడిచిందని అడిగారు.